జింకు అతుకూ, దాలమ్మ వేళ్ళూ

చింపితే గాని కనిపించని పని

పలాసలో జీడి ఫ్యాక్టరీలకు ట్రేలూ, డ్రయ్యర్లూ, కటింగ్ మిషన్లూ చేసిపెట్టే ఒక వర్క్‌షాపులో స్పాట్ వెల్డరుగా చేరాను. అక్కడే ఫోర్‌మన్‌నై, ఈ మధ్యనే పని మానుకున్నాను. ఆడమనిషిని ఫోర్‌మన్ అంటే బాగుండదని కొందరు కొత్తలో ఇబ్బంది పడ్డారు. తర్వాత అందరూ వరాలప్ప అనడం మొదలుపెట్టారు, మా వైపు అప్ప అంటే అక్క, ఆ గొడవ వదిలిపోయింది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడిగేది జీతం గురించి, గల్ఫ్ వీసా గురించి. వాటి సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నాకు తెలిసింది చెబుతాను.

స్పాట్ వెల్డింగులో మంట ఉండదు, కడ్డీ ఉండదు, ముఖానికి నల్లద్దం కూడా అక్కర్లేదు. రెండు రేకుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి, పైనా కిందా రెండు రాగి టిప్పుల మధ్య నొక్కి, కాలితో పెడల్ తొక్కుతాం. కరెంటు ఒక్క క్షణం రేకుల గుండా పోతుంది. రెండు రేకులూ కలిసేచోట కరెంటుకు దారి ఇరుకు కాబట్టి అక్కడే వేడి పుట్టి, లోహం కరిగి, మళ్ళీ గడ్డకడుతుంది. శనగబద్దంత అతుకు. పైకి ఒక చిన్న గుంట కనిపిస్తుంది, అంతే. అసలు అతుకు రెండు రేకుల మధ్య దాక్కుని ఉంటుంది. అది బాగుందో లేదో తెలియాలంటే చింపి చూడాలి, చింపితే ఆ వస్తువు మరి పనికిరాదు. టెక్కలి ఐటీఐలో వెల్డరు ట్రేడు చదువుతున్నప్పుడు ఈ మాట విని నాకు భలే ఆశ్చర్యమేసింది. పప్పు ఉడికిందో లేదో మెదిపి చూస్తాం, కానీ మెదిపిన పప్పు తినొచ్చు.

మాది సుమ్మాదేవి. పొద్దున్న ప్యాసింజరెక్కి పలాసలో దిగేదాన్ని. దారిపొడుగునా రైలు పెట్టె గోడలకేసి చూస్తూ కూర్చునేదాన్ని. ఎక్కడ రివెట్లున్నాయి, ఎక్కడ అతుకులున్నాయి, ఏ అతుకు ఎవరు వేసుంటారు అని. పక్కన కూర్చున్న కూరగాయలమ్మ ఒకసారి నవ్వి, "ఏటే, గోడమీద సినిమా ఆడతన్నాదేటి?" అంది.

మేస్త్రీ గారి చెవి

మా వర్క్‌షాపు యజమానిని అందరూ మేస్త్రీ గారనే పిలిచేవారు. నాకు పని నేర్పినవాడు. ఆయన పెడల్ చప్పుడు వినే అతుకు ఎలా పడిందో చెప్పేవాడు. వీధిలో ఫ్యాక్టరీల మోటార్లన్నీ ఒక్కసారి మొదలైతే వోల్టేజీ పడిపోయేది. అప్పుడు మా మిషను మూలిగేది. ఆయన టీ తాగుతున్నవాడల్లా గ్లాసు కింద పెట్టి, "ఆపెయ్ వరాలూ, ఇప్పుడేసినియ్యన్నీ అబద్దాలు" అనేవాడు. ఆ చెవి ఎంతటిదో నేను కళ్ళారా చూశాను.

కానీ ఆయనలో ఒక చెడ్డగుణం ఉంది, అదీ చెప్పాలి. వస్తువు చింపడం ఆయనకు గిట్టేది కాదు. "సేసిందాన్ని సేత్తోనే పాడు సేత్తావేటి, బుద్దిలేదా?" అని కసిరేవాడు. నేనేమో పొద్దుటే ఒక ముక్క, మధ్యాహ్నం ఒక ముక్క వైసులో బిగించి చింపి చూడకపోతే స్థిమితంగా ఉండలేని మనిషిని. మా ఇద్దరికీ దీనిమీద రోజూ జగడమే. ఇనుప రేకుల వరకూ ఆయన చెవితో పని గడిచిపోయింది. జింకు వచ్చాక గడవలేదు.

దాలమ్మ చేతికి గార్డు

జీడిపిక్కల్ని ఆవిరిలో ఉడకబెట్టి ఆరబెట్టాక, ఒక్కొక్కటిగా కటింగ్ మిషను దగ్గర కోస్తారు. మనిషి బల్లముందు కూర్చుంటుంది. ఎడం చేత్తో పిక్కను రెండు కత్తుల మధ్య పెడుతుంది, కాలితో పెడల్ నొక్కుతుంది, కుడి చేత్తో పిడి తిప్పి తొక్క విడదీస్తుంది. తొక్కలోంచి కారే జీడి రసం వేళ్ళను కాల్చకుండా ఆముదం రాసుకుంటారు. ఆముదం చేతుల్లో పిక్క జారుతుంది. పిక్క జారితే వేలు కత్తి మీదికి పోతుంది.

దాలమ్మ జలంత్రకోట వైపు నుంచి వచ్చేది. నా ఈడుదే. ఒకరోజు అలాగే పిక్క జారి, ఎడమ చూపుడు వేలి కొస పోయింది. గాయం మానగానే మళ్ళీ అదే మిషను ముందుకొచ్చి కూర్చుంది. ఆ ఫ్యాక్టరీకి మేం డ్రయ్యర్ ట్రేలు బిగించడానికి వెళ్ళినప్పుడు నన్ను పిలిచి ఆ వేలు చూపించింది.

"ఒదినా, నువ్వు ఇనపపనులు సేత్తావు కదా. ఈ కత్తికీ నా సేతికీ మద్దిన అడ్డం ఏటైనా పెట్టలేవా? పిక్క దూరాల, ఏలు దూరకూడదు. నాకిది పోతే పోనాది, మిగతావి కావాల."

ఆ మాట నన్ను వదల్లేదు. ఫ్యాక్టరీ ఓనరు గారిని అడిగితే సరే చేసి చూడండి అన్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. పనికి అడ్డమొచ్చినా, ఊడి కత్తుల్లో పడినా, అన్ని గార్డులూ పీకించేస్తానన్నాడు. కత్తి విరిగితే మిషను ఆగుతుంది, ఆయన బాధ అది.

ఇనుప రేకుతో చేసిన మొదటి గార్డులు ఆవిరికీ జీడికీ ఇట్టే తుప్పుపట్టాయి. బోల్టులు వేస్తే బోల్టు తల చీర కొంగును పట్టుకునేది. చివరికి జింకు-అల్యూమినియం పోత అనుకున్నాం. తుప్పు పట్టదు, తక్కువ వేడికే కరుగుతుంది, అచ్చులో పలచగా కూడా పారుతుంది. వంపు తిరిగిన కప్పు ఒకటి, దాన్ని మిషనుకు పట్టించే పట్టీ ఒకటి, రెండింటినీ కలుపుతూ ఒక స్పాట్ అతుకు.

జింకు ఏం నేర్పిందంటే

ఇనుము ఓపికగల లోహం. కాస్త ఎక్కువ తొక్కినా, తక్కువ తొక్కినా సర్దుకుపోతుంది. జింకు పోత అలా కాదు. ఇప్పటిదాకా గట్టిగా ఉన్నది మరుక్షణం నీరైపోతుంది. ఇనుముకు పెట్టినట్టు పెట్టి తొక్కితే తెల్లటి నిప్పురవ్వలు ఎగిరి, అతుకు ఉండాల్సినచోట బొక్క పడింది. కరెంటు తగ్గిస్తే అసలు అంటుకోలేదు. నాకు విసుగు రాలేదు సరికదా, మహా సరదాగా ఉండేది. మేస్త్రీ గారికి చప్పుడులో ఏమీ తెలియడం లేదు, అది నాకు ఇంకా సరదా.

మెల్లగా తెలిసింది. ఈ లోహం కరెంటునూ వేడినీ ఇట్టే దాటించేస్తుంది. అందుకని కరెంటు బాగా ఎక్కువ, సమయం బాగా తక్కువ పెట్టాలి. లోహం మెత్తబడిన క్షణంలో టిప్పు వెంటనే కిందికి దిగి నొక్కుతూనే ఉండాలి. పోత పైన కంటికి కనిపించని పొర ఒకటి ఉంటుంది. దాన్ని వైరు బ్రష్షుతో గీకి అప్పటికప్పుడు అతకాలి. పొద్దున్న గీకి సాయంత్రం అతికితే మన సముద్రపుగాలికి మళ్ళీ పొర కట్టేస్తుంది. రాగి టిప్పు మీదికి జింకు ఎక్కి ఇత్తడిలా పచ్చబడుతుంది. పచ్చబడిన టిప్పు గార్డును పట్టుకుని వదలదు. కొన్ని అతుకులకోసారి టిప్పు రుద్దుకోవాల్సిందే. పోత లోపల బుడగలుంటే అతుకు పడ్డట్టే పడి ఉబ్బుతుంది.

ఇంకో సంగతి. ఆ తెల్లపొగ పీల్చకండి. మొదట్లో తలుపులు మూసుకుని చేశాను. ఇంటికెళ్ళాక చలిజ్వరం పట్టుకుంది. మలేరియా అనుకుని మాత్రలు కూడా వేసుకున్నాను. కిటికీలు తీసి, ఫ్యాను పొగను బయటికి తోసేలా పెట్టాక ఆ జ్వరం మరి రాలేదు.

చలికాలంలో మొదటి విడత గార్డులు పెట్టాం. దాలమ్మ మిషనుకే ముందు బిగించాను. ఆమె కొస పోయిన వేలిని గార్డు అంచుకు ఆనించి, అటూ ఇటూ జరిపి చూసుకుంది. కాసేపు కోసి, తలెత్తి, "బాగుంది ఒదినా, బయంలేదు" అంది. ఆ రోజు రైల్లో నేను గోడలకేసి చూడలేదు. సంతోషంతో ఏమీ చూడలేకపోయాను. వేసవి ముగిసే సరికి మిగిలిన మిషన్లకూ రెండో విడత బిగించేశాం.

వానల తర్వాత

వానలు పట్టుకున్నాక ఓనరు గారి దగ్గర్నుంచి ఫోను. గార్డు ఊడి కత్తుల్లో పడింది, మీ వెల్డింగు ఊడిపోతోంది, వచ్చి అన్నీ పీక్కుపొండి అని. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదొక్కటే అదృష్టం.

మేస్త్రీ గారు తల పట్టుకున్నాడు. "సెప్పినానా? జింకుకి స్పాటు నప్పదు. బోల్టులే ఎయ్యాల."

నేను విరిగిన గార్డు తెచ్చి బల్లమీద పెట్టి చూశాను. అతుకు ఉన్నచోటే ఉంది, ఊడలేదు. అతుక్కి బాగా ఎడంగా, పోత లోహమే విరిగింది. పైన సన్నటి బీటలు, వేళ్ళతో నలిపితే లోపల్నుంచి బూడిదరంగు పొడి రాలింది. కొంచెం ఉబ్బి కూడా ఉంది. ఏ దెబ్బా తగలకుండా లోహం దానంతటదే లోపల్నుంచి చివికిపోవడం నేను అంతకుముందు చూడలేదు. భయమూ వేసింది, ఆసక్తీ పుట్టింది.

ఫ్యాక్టరీకి వెళ్ళి ఒక్కో గార్డూ గోటితో గీరి చూశాను. వేసవిలో వచ్చిన రెండో విడతవి చాలావరకు బీటలిచ్చాయి. చలికాలంలో పెట్టిన మొదటి విడతవి, దాలమ్మ మిషను మీదిది సహా, గట్టిగా ఉన్నాయి. వెల్డింగు మిషను అదే, అతికింది నేనే, ఆవిరీ అదే. మరి తేడా ఎక్కడ?

ఓనరు గారు దసరా దాకా గడువిచ్చాడు. ఈలోగా బీటలిచ్చిన గార్డులన్నీ తీసేయమన్నాడు. తీసేశాం. ఆ మిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్ళు వేళ్ళు కత్తికి వీలైనంత దూరంగా పెట్టుకుని కోస్తుంటే పని నెమ్మదించింది, దానికీ వాళ్ళనే కసిరారు. దాలమ్మ తన గార్డు మీద మాత్రం ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. "ఇది ఇరగలేదు కదా. ఇరిగినప్పుడు తీద్దురు గాని," అని, నావైపు తిరిగి, "ఒదినా, ఆళ్ళ సేతులు సూడు. నా ఏలప్పుడు నువ్వొచ్చినావు. ఆళ్ళకి కూడా అయిందాక ఆగుతావేటి?" అంది.

సన్నాసి మావ మూకుడు

మాకు పోతలు పోసిచ్చేది సన్నాసి మావ. ఉద్దానంలో, సముద్రం ఒడ్డున, జాలర్ల పేట పక్కన ఆయన కొలిమి. వాళ్ళ నాన్న కాలం నుంచీ వలలకు సీసం గుండ్లు పోసే ఇల్లు. జింకు దిమ్మలు విశాఖపట్నం నుంచి తెప్పించుకుంటాడు. నేను వెళ్ళేసరికి గుండ్లే పోస్తున్నాడు. చుట్టూ కొబ్బరి మట్టలు, ఎండలో వలలు.

"ఏటే కోడలా, ఇంత దూరం ఒచ్చినావు? కూసో. కొబ్బరిబొండం తాగుతావా?"

బొండం తాగుతూ పొయ్యికేసి చూస్తున్నాను. పెద్ద ఇనుప మూకుడు. ఆయన సీసమంతా తోడి పోశాడు గాని, అడుగున ఒక గుండుకు సరిపడా వదిలేశాడు.

"అది వదిలేశావేటి మావా?"

"మూకుడు ఒట్టి సెయ్యకూడదే. ఒట్టి మూకుడులోంచి ఒచ్చిన గుండు కడితే వలా ఒట్టిదే ఒస్తాదని మా అయ్య అనీవోడు. ఒక గుండంత ఎప్పుడూ ఉంచుతాం."

బొండం కింద పెట్టేశాను.

"మావా, మా గార్డులు కూడా ఈ మూకుట్లోనే పోశావా?"

"శీతాకాలంలో పోసినప్పుడు కొత్త మూకుడు కొన్నాను. అది సిల్లడిపోనాది. తరవాత ఎండాకాలంలో సముద్రం మీద ఏట నిసేదం ఒచ్చింది కదా, ఊరంతా వలలు బాగుసేసుకుంతన్నారు, గుండ్లకి ఒకటే గోల. పొయ్యి ఎలాగా ఎలుగుతన్నాదని దీన్లోనే జింకు ఏసీసినాను. ఏం, తప్పా? సీసం బరువు, అడుక్కి పోద్ది. నాను పైదే తోడినాను."

ఆయన చెప్పింది ముప్పాతిక వంతు నిజం. సీసం అడుక్కే పోతుంది. కానీ కొంచెం జింకులో కలిసే ఉండిపోతుంది, ఆ కొంచెమే సంగతి. మావకు జింకు దిమ్మలమ్మే విశాఖ షావుకారుకు అక్కడి నుంచే ఫోను చేసి అడిగాను. "సీసం, తగరం దాని దరిదాపులకు రానివ్వకండమ్మా. రవ్వంత కలిసినా తేమలో, వేడిలో లోపల్నుంచి చివికిపోతుంది" అన్నాడు. మావ ఫోనుకు చెవి ఆనించి వింటున్నాడు. ఫోను పెట్టేశాక, మూకుడు అడుగున మిగిలిన సీసంకేసి వంగి చూశాడు.

"రవ్వంతకేనా?" అన్నాడు. "ఐతే సూద్దాం కోడలా. సూడకుండా నమ్మను."

ఆ మాటకు నాకు ఆయనమీద గౌరవం పెరిగింది. నేను అనాల్సిన మాట ఆయనే అన్నాడు.

దాలమ్మ కాపలా

మావ మరో కొత్త మూకుడు కొన్నాడు. ఒకే దిమ్మను రెండుగా నరికి, సగం కొత్త మూకుట్లో, సగం గుండ్ల మూకుట్లో కరిగించి, అదే అచ్చులో పోశాడు. నేను అన్నిటికీ ఒకే తీరున అతుకులు వేశాను. గుండ్ల మూకుడువాటికి వెనకవైపు ఆకురాయితో చిన్న గాటు పెట్టాను. ఆ గాటుకు అర్థమేమిటో నాకూ మావకూ తప్ప ఎవరికీ చెప్పలేదు. తీగకు గుచ్చి ఫ్యాక్టరీలో పిక్కలుడికించే ఆవిరి పెట్టె మీద వేలాడదీశాం. మేస్త్రీ గారు, "తోరణాలు కడతన్నావేటి?" అని ఎకసెక్కమాడాడు.

వాటిని చూసే పని దాలమ్మ తీసుకుంది. పనిలోకి దిగే ముందు ఒక్కోదాన్నీ తన పొట్టి వేలితో తడిమేది. తోలు గట్టిపడిన మిగతా వేళ్ళకు అంత తెలియదట, ఆ వేలి కొసకు సన్న బీట కూడా తగులుతుందట.

కొద్ది వారాలకే కబురు చేసింది. వెళ్ళేసరికి తీగమీద వాటిని రెండు గుంపులుగా జరిపి పెట్టింది.

"ఇటేపు పగిలిపోతన్నాయి ఒదినా. అటేపువి రాయిలాగున్నాయి. నువ్వు ఎనకాల ఏవో గాట్లు పెట్టినావు, నాను సూణ్ణేదు."

తిప్పి చూశాను. పగిలిన వాటన్నిటికీ గాటుంది. గట్టిగా ఉన్న ఒక్కదానికీ లేదు.

సన్నాసి మావ పగిలిన ముక్కను అరచేతిలో నలిపి, పొడిని ఊది చూసుకున్నాడు. "సీసం ఇంత పని సేత్తాదా!" అన్నాడు చిన్నపిల్లాడిలా. గుండ్ల మూకుడు ఆనవాయితీ మానలేదు. మానమని నేనూ అనలేదు. జింకు మూకుడును మాత్రం వేరే పొయ్యి మీద, వేరే గరిటెతో, పాకకు ఆ చివర పెట్టుకున్నాడు. దసరాకు ముందే అన్ని మిషన్లకూ మళ్ళీ గార్డులెక్కాయి. మేస్త్రీ గారు ఆ తర్వాత నేను ముక్క చింపుతుంటే కసరడం మానేసి, పక్కన నిలబడి చూసేవాడు.

కొత్తగా వస్తున్నవాళ్ళకు నా మాట ఇదే. అతుకు విరిగింది అని ఎవరైనా అంటే, ముందు విరిగిన ముక్క అడగండి. తిట్టు తర్వాత పడొచ్చు. ఆ లోహం మీ దగ్గరికి రాకముందు ఎవరి పొయ్యిమీద, ఏ మూకుట్లో ఉందో వెళ్ళి చూడండి. పని బల్లదగ్గరే మొదలవుతుందని నేనూ చాలాకాలం అనుకున్నాను.

చింపి చూశాం

నేను పని మానుకున్నాక, ఈ మధ్య ఆ ఫ్యాక్టరీలో పిక్కలు వాటంతటవే కోసే కొత్త మిషన్లు పెట్టారు. పాతవి తుక్కుకు తూచారు. ఒక సాయంత్రం దాలమ్మ సుమ్మాదేవిలో రైలు దిగి మా ఇంటికొచ్చింది. సంచిలోంచి తన గార్డు తీసి అరుగుమీద పెట్టింది. జీడి పట్టి నల్లబడిపోయింది. ఆమె రోజూ తడిమే అంచు ఒక్కటీ నున్నగా మెరుస్తోంది.

"తుక్కోడిని అడిగి తెచ్చుకున్నాను. నువ్వు అప్పుడు అనీదానివి కదా, సింపితే గాని కనపడదని. ఇన్నాళ్ళు సింపనివ్వలేదు నాను. ఇప్పుడు సింపు ఒదినా. నాకూ సూడాలనుంది."

పెరట్లో నా పాత వైసుంది. పట్టీని బిగించి, కప్పును ఇద్దరం కలిసి పట్టుకుని వంచాం. ఒక పట్టాన రాలేదు. చివరికి టప్పున విరిగింది. అతుకు విరగలేదు. దాని చుట్టూ ఉన్న లోహం చిరిగి, కప్పుకు బొక్క పడింది. పట్టీ మీద మాత్రం చిన్న తెల్లటి బొడిపె మిగిలింది, నిన్న పోసినట్టు మెరుస్తూ.

దాలమ్మ తన కొస పోయిన వేలితో దాన్ని తాకింది. ఏడ్చిందో నవ్విందో, నాకు సరిగ్గా కనిపించలేదు, నా కళ్ళూ బాగా లేవు అప్పటికి.

"ఇంతేనా?" అంది. "ఈ శెనగబద్దంతదేనా ఒదినా, ఇన్నాళ్ళూ నా సేతుల్ని కాసింది?"

ఆ బొడిపె ఉన్న పట్టీని కొంగున కట్టుకుంది. బొక్క ఉన్న కప్పును నాకిచ్చేసి, రైలు టైమైందని లేచింది.